భవిష్యత్తుకు నాలుగు వందల ఏళ్ల చరిత్ర

పందొమ్మిది వందల అరవై ఏడు జూలైలో మంత్రి వామన్‌రావుగారు ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణం రిబ్బను కత్తిరించి, మన రాష్ట్రంలో భవిష్యత్తుకు ఘనమైన చరిత్ర ఉన్నదని ప్రకటించారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. బస్సు కోసం అక్కడ నిలబడ్డాను. చేతులు ఖాళీగా ఉన్నాయి.

వామన్‌రావుగారు సంప్రదాయాల శాఖ, చిన్న చెరువుల శాఖ రెండూ చూసేవారు. ఆ ఏడాది చెరువులు ఎండిపోయినందువల్ల సంప్రదాయాల మీద పూర్తిగా మనసు పెట్టగలిగారు. ఏ విషయాన్నైనా రెండు నిమిషాల్లో గ్రహించి, మూడో నిమిషంలో దాని మీద ఉపన్యాసం మొదలుపెట్టగల మేధావి ఆయన. ఆ రోజు ఆయన చెప్పిన భవిష్యత్తు చివరికి నాంపల్లి స్టేషను వెనక సందులో ఉన్న మా గది అయింది.

ఆ గది ప్రభుత్వంవారి పాత గోదాములో ఒక మూల. రష్యావాళ్లు మొదటిసారి ఆకాశంలోకి ఇనపబంతి వదిలిన నెలలోనే భావనారాయణ దాన్ని సంపాదించాడు. అతను కర్నూలు నుంచి ఆఫీసు బీరువాలతో పాటు బదిలీ అయి వచ్చిన గుమాస్తా. చంద్రుడి మీద, అంగారకుడి మీద కథలంటే ప్రాణం. ప్రతి ఆదివారం పదిమంది చేరి అలాంటి కథలు రాసి చదువుకునేవాళ్లు. ఏటా అక్టోబరు మొదటి ఆదివారం ఇరవై ఇద్దరు వచ్చేవాళ్లు. ఆ రోజు దాన్ని వైజ్ఞానిక కథల మహాసభ అనేవాళ్లు.

నాకా కథలు నచ్చవు. వాటిలో వెళ్లినవాళ్లంతా తిరిగి వస్తారు. భార్య పోయినవాడు ఆదివారం సాయంత్రం ఎక్కడో ఒకచోట కూర్చోవాలి గనక వెళ్లేవాణ్ణి.

ఆ జూలైలోనే గదికి నోటీసు వచ్చింది. ప్రభుత్వ గదుల్లో ఉన్న ప్రైవేటు సంఘాలన్నీ అక్టోబరు నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. పాతికేళ్ల చరిత్ర, తక్కువలో తక్కువ అయిదు సంప్రదాయాలు ఉన్న సంఘాలకు మాత్రం మినహాయింపు. భావనారాయణ దాన్ని మూడుసార్లు చదివి, మడిచి, కళ్లజోడు డబ్బాలో పెట్టుకున్నాడు. గదిలో పదహారు వందల పుస్తకాలున్నాయి. అన్నీ ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద వంగి వంగి ఏరినవి. కాచిగూడలో అతని ఇల్లు రెండు గదులు, అందులో ఏడుగురు మనుషులు. గది పోతే పుస్తకాలు పాత కాగితాల బండి ఎక్కుతాయి. అతనికి తెలిసిన సంగతి అదొక్కటే. ఆ తర్వాత చేసిన పనులన్నీ అందుకే చేశాడు.

మేం ముగ్గురం మంత్రిగారి దగ్గరికి వెళ్లాం. భావనారాయణ, నేను, వసుమతి. వసుమతి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. మా అందరిలోకీ బాగా రాసేది ఆవిడే. ఆవిడ కథల్లో అంగారకుడి మీద కూడా రాంగ్ నంబర్లు తగులుతాయి.

"ఎన్నేండ్ల సంది నడుస్తున్నది మీ సభ?" అన్నారు మంత్రిగారు.

"పదేళ్లండి."

"ఇరవై అయిదు గావాలె గద."

"రాష్ట్రానికే ఇంకా పదకొండేళ్లండి," అన్నాడు భావనారాయణ.

"రాష్ట్రం వచ్చి నన్ను గది అడిగిందా?"

మంత్రిగారు రెండు నిమిషాలు ఆలోచించారు. అమెరికావోళ్లు, రష్యావోళ్లు చంద్రుని కోసం కొట్లాడుతుంటే మనం చూస్తూ కూర్చోవడం బాగా లేదన్నారు. వాళ్లకు రాకెట్లున్నాయి గానీ సంప్రదాయం లేదు, మనం అక్కడ దెబ్బ కొట్టాలన్నారు. వెంటనే తన శాఖలోని శ్రీరామమూర్తిగారిని మాకు ప్రత్యేకాధికారిగా వేశారు. ఇంత వేగంగా పనిచేసే ప్రభుత్వాన్ని నేను మా ఊళ్లో గాని, పట్నంలో గాని చూడలేదు.

శ్రీరామమూర్తిగారు ఆ ఆదివారమే ఫైలుతో వచ్చి, గదిలో ఒక మూల నిలబడి మమ్మల్ని గమనించారు. సభ నాలుగూ పదికి మొదలైంది. ఎందుకని అడిగారు. భావనారాయణ ఎక్కే బస్సు గౌలిగూడలో ఆగి ఆగి వస్తుంది గనక అని వసుమతి చెప్పింది. ఆయన దాన్ని రాసుకోలేదు. 'నాలుగూ పది, ఖగోళ గణన ననుసరించి' అని రాసుకున్నారు.

తర్వాత సమోసాలు వచ్చాయి. మేం ఒక్కొక్కటీ రెండుగా విరిచి పంచుకున్నాం. ఆయన కలం ఎత్తారు.

"ఇది అర్ధచంద్రుడికి గుర్తు కదూ?"

"సమోసాలు తక్కువొచ్చాయండి," అంది వసుమతి.

శ్రీరామమూర్తిగారికి కోపం రాలేదు. ఓపికగా ఆవిడకి పరిపాలన నేర్పారు. "అమ్మా, కారణం మీరు చెప్పకూడదు. చెప్పారంటే అది అలవాటు. చెప్పలేదంటే సంప్రదాయం."

కథ చదువుతుండగా స్టేషన్లో రైలు కూసింది. కూత పెట్టినప్పుడు ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకని చదివేవాడు ఆగుతాడు. 'యాత్రికులందరి గౌరవార్థం మౌనం' అన్నది మూడో సంప్రదాయం అయింది.

నాలుగోది కుర్చీ. గది ముందు భాగంలో, చదివేవాడి పక్కన, ఎర్రగుడ్డ కప్పిన కుర్చీ ఒకటి ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. దాని సంగతేమిటని గోదాము వాచ్‌మన్ పోచయ్యని అడిగారు.

"కాలు ఊడింది సారూ. ఎవలన్న కూసుంటే నడుమిరుగుతది. అందుకే అందరికి కనవడేటట్టు ముంగట పెట్టిన. ఎర్రగుడ్డ గూడ నేనే కప్పిన, డేంజరని."

శ్రీరామమూర్తిగారు 'ఏదో ఒకనాడు రాబోయే గ్రహాంతర అతిథి కోసం' అని రాసి, కింద గీత గీశారు. పోచయ్య ఆ కుర్చీ వంక కొత్తగా చూశాడు. పదేళ్లుగా దాన్ని అటూ ఇటూ ఈడ్చింది అతనే.

అయిదోది దొరకలేదు. చీకటి పడే దాకా వెతికారు. చివరికి ఆయన చూపు నా మీద పడింది. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను కొట్టలేదని గమనించారట. ఎప్పుడైనా కొట్టారా అని అడిగారు. ఈ గదిలో కొట్టలేదన్నాను. కథ నచ్చకా అని అడిగారు. వసుమతి నా వైపు చూసి కళ్లు పెద్దవి చేసింది. నేను కారణం చెప్పలేదు.

'ప్రతి సభలోనూ కరతాళ ధ్వనులు చేయని సాక్షి యొకడు.' ఆ రోజు నుంచి నేను సంప్రదాయాన్ని. ఇకమీదట ఎంత మంచి కథ విన్నా చేతులు కదపకూడదని ఆయన నాకు నోటిమాటగా చెప్పి, మర్నాడు కాగితం మీద కూడా పంపించారు.

చరిత్ర మిగిలింది. శ్రీరామమూర్తిగారు సభ పుట్టుకను నలభై రెండుకు జరిపారు. పదిహేనేళ్ల సభలకు పదిహేను మంది అధ్యక్షులు కావలసివస్తే, అప్పటికి చనిపోయినవాళ్లని వేశారు. వాళ్లయితే అభ్యంతరం చెప్పరు. ఇంతలో పొరుగు రాష్ట్రంలో ముప్ఫయ్యేళ్ల సభ ఉందని మంత్రిగారి చెవిన పడింది. మాది నూరేళ్లయింది. నూరేళ్లంటే తెల్లదొరల కాలం కదా, మనకు అవమానం కదా అని ఎవరో అన్నారు. మంత్రిగారు ఇంకో రెండు నిమిషాలు ఆలోచించారు. మాది గోల్కొండ నవాబుల నాటిదయింది.

ఏ పేజీకి ఆ పేజీ భావనారాయణ సంతకం పెట్టాలి. పెట్టాడు. నాలుగు వందల ఏళ్ల దగ్గర మాత్రం అతని చెయ్యి ఆగింది.

"అప్పుడు రాకెట్లు లేవండీ."

"ఇప్పుడు నాంపల్లిలో ఎన్నున్నాయి?" అన్నారు శ్రీరామమూర్తిగారు.

భావనారాయణ పుస్తకాల వైపు చూసి సంతకం పెట్టాడు.

అక్టోబరులో మహాసభ ఆబిడ్స్‌లో పెద్ద హాల్లో జరిగింది. మా గదిలో పట్టరని మమ్మల్ని కూడా అక్కడికి ఆహ్వానించారు. కుర్చీని నాంపల్లి నుంచి లారీ మీద ఊరేగించారు. ముందు బ్యాండు, వెనక పోలీసులు, లారీ మీద పోచయ్య. ఊడిన కాలు జారిపోకుండా అతను దాన్ని దారి పొడుగునా చేత్తో పట్టుకున్నాడు. జనం అతనికి కూడా దండం పెట్టారు.

హాల్లో చిన్న చిక్కు వచ్చింది. గ్రహాంతర అతిథిని మంత్రిగారికి కుడివైపు కూర్చోబెట్టాలా, ఎడమవైపా? ప్రభుత్వ అతిథి అయితే కుడి, ప్రైవేటు అయితే ఎడమ. ఒకవేళ రాకపోతే ఏ వైపని ఎవరో అడిగారు. రానివాడు ప్రైవేటే అని శ్రీరామమూర్తిగారు తేల్చారు. వేదిక మీద అందరికీ ఊపిరాడింది.

సమోసాలు రెండు వేలు తెప్పించారు. మనిషికి రెండు వచ్చేటన్ని ఉన్నా, ఇరవై మంది కానిస్టేబుళ్లు కూర్చుని వాటిని ఒక్కొక్కటే విరిచారు. కొలత సమంగా ఉందో లేదో ఇన్‌స్పెక్టరు చూశాడు. నాలుగింటికే వచ్చిన మంత్రిగారిని పది నిమిషాలు కారులోనే కూర్చోబెట్టారు, ఖగోళం ప్రకారం.

నాంపల్లి రైలు కూత ఆ హాలు దాకా వినపడదు గనక, తెర వెనక ఒక ట్రాఫిక్ జవానుని నిలబెట్టారు. మంత్రిగారు చంద్రుడి మీద చిన్న చెరువులు తవ్వించే అవకాశాల గురించి చెప్తుండగా జవాను ఈల వేశాడు. హాలంతా లేచి నిలబడింది. తలలు వంచింది. మంత్రిగారు బెదిరిపోయి, పక్కకి వంగి, "ఎవలు పోయిన్రయ్యా?" అని మెల్లిగా అడిగారు. మైకు ఆ మాట అందరికీ వినిపించింది. జవాబు వచ్చే లోపలే ఆయన మూడో నిమిషంలో పడ్డారు. పోయినవారు తనకు బాల్యమిత్రులని, వారి లోటు ఈ రాష్ట్రానికి తీరనిదని గద్గదస్వరంతో చెప్పారు. ఆ ఉపన్యాసం అంత చక్కగా మరెవరూ చెప్పలేరు. నేను చప్పట్లు కొట్టలేదు. శ్రీరామమూర్తిగారు దూరం నుంచి మెచ్చుకోలుగా తల ఊపారు.

కథలు మాత్రం చదవలేదు. వసుమతి రెండు వేల సంవత్సరంలో జరిగే కథ ఒకటి తెచ్చింది. శ్రీరామమూర్తిగారు దాన్ని ముందే తీసుకుని, పంచవర్ష ప్రణాళికలకే ఢిల్లీవాళ్లు సెలవిచ్చిన రోజులివి, ప్రభుత్వం దగ్గర లేని భవిష్యత్తు టెలిఫోన్ ఆపరేటరు దగ్గర ఎట్లా ఉంటుందని అడిగారు. ఆవిడ కథ మడిచి సంచీలో పెట్టుకుంది. వేదిక కింద కూర్చుని తన వంతు సగం సమోసా తిన్నది.

చివర్లో మంత్రిగారు ఖాళీ కుర్చీకి పూలదండ వేసి, నాంపల్లి గదిని సభ దగ్గర నుంచి ఎవ్వరూ, ఎన్నటికీ తీసుకోలేరని ప్రకటించారు. భావనారాయణ ఏడ్చాడు. ఇంటికి వెళ్లే దారిలో నాతో నాలుగుసార్లు చెప్పాడు, పుస్తకాలు నిలిచాయండీ అని. మొదటిసారి నేను కూడా సరేనన్నాను.

పది రోజులకు ఉత్తర్వు వచ్చింది. నాలుగు వందల ఏళ్ల సంస్థ సంఘాల కిందికి రాదు, ప్రాచీన వస్తు రక్షణ విభాగం కిందికి వస్తుంది. గది, అందులోని సమస్త వస్తువులు, ఆచారాలు ఇకపై రక్షితాలు.

ఆ ఆదివారం నాలుగూ పదికి మేం సందులోకి వెళ్లేసరికి గుమ్మానికి ఇనప గొలుసు ఉంది. నాలుగు భాషల బోర్డు ఉంది. పోచయ్య ఖాకీ బట్టల్లో, ఇత్తడి బిళ్లతో స్టూలు మీద కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు గానీ గొలుసు తియ్యలేదు.

"లోపలికి రానియ్యద్దని ఆర్డరు సారూ. గిప్పుడిది పాతది."

"పుస్తకాలు?" అన్నాడు భావనారాయణ.

"మంచిగున్నయ్ సారూ, ఫికర్ జెయ్యకు. ఎవ్వలు ముట్టుకోరు."

భావనారాయణ కిటికీ ఊచలు పట్టుకుని చూశాడు. పుస్తకాలు నిజంగానే బాగున్నాయి. దుమ్ము దులిపి, నంబర్లు అంటించి, తాడు కట్టారు. కుర్చీ ఎత్తు దిమ్మ మీద ఉంది. ఎర్రగుడ్డ తీసేశారు.

"గా కుర్చీకి కాలు కొత్తది పెట్టిన్రు," అన్నాడు పోచయ్య. "టేకుది. గిప్పుడు ఏనుగు కూసున్న ఇరగది."

"ఎవరు కూర్చుంటారు?" అంది వసుమతి.

"ఎవ్వల్ని కూసోనియ్యద్దని ఆర్డరమ్మా."

అందరం కాసేపు బోర్డు చదివాం. చదవడానికి ఇంకేమీ లేదు. అప్పుడు పోచయ్య గొలుసు ఒక పక్క తీసి, నా వైపు తిరిగాడు.

"మీరు రాండ్రి సారూ. మీరు బోర్డు మీదున్నరు. అయిదో నంబరు."

భావనారాయణ నన్ను చూశాడు. ఆదివారం సాయంత్రం ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. నేను లోపలికి వెళ్లాను. నాకు తాడు లోపల ఒక బెంచీ వేసి ఉంది. దానికీ నంబరు ఉంది.

కూర్చున్నాక కిటికీ అవతల వసుమతి సంచీలోంచి కాగితాలు తీసింది. సందులో నిలబడి, రెండు వేల సంవత్సరం నాటి కథ మొదటినుంచి చదివింది. భావనారాయణ ఊచలకి చెవి ఆనించి విన్నాడు. మధ్యలో రైలు కూసింది. ఆవిడ ఆగింది. పోచయ్య స్టూలు మీంచి లేచి, టోపీ తీసి నిలబడ్డాడు, డ్యూటీ గనక. కూత ఆగాక ఆవిడ మిగిలింది చదివింది. ఆ కథలో వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదు.

అంత మంచి కథ ఆ గదిలో పదేళ్లలో వినలేదు.

నేను చప్పట్లు కొట్టలేదు.