మెట్ల కింద నల్లది

ఆదివారం పొద్దున్నే కళ్లజోళ్ల షాపాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య బజారుకు వెళ్లగానే మెట్ల కింది గదిలోకి దూరి, ఏడాదిగా దాచి మగ్గబెడుతున్న నల్ల బీరు సీసాలను వంటింటి గోడ పక్కనుంచి చల్లటి మూలకు జరపాలి. పొయ్యి వేడి గోడలోంచి సోకుతోందని ఆయనకు బెంగ. ఇంట్లో సీసా కనబడకూడదని భార్య పెళ్లయిన కొత్తలోనే చెప్పేసింది కాబట్టి, ఆ గది తాళం తుప్పు పట్టి రావడం లేదని అందరినీ నమ్మించాడు.

సీసాలు జరిపి, తలుపు వేసి, అక్కడే నిలబడి స్నేహితుడికి ఫోన్ చేశాడు. బీరు అన్న మాట ఇంట్లో ఎత్తకూడదన్నది ఆయన జాగ్రత్త. కూతురింటికి చుట్టపుచూపుగా వచ్చిన అత్తగారు పై మెట్టు మీద ఉన్న సంగతి మాత్రం ఆ జాగ్రత్తలో లేదు.

"దాన్ని చీకట్లోనే ఉంచాను. వెలుగు తగిలితే పాడైపోతుంది," అన్నాడు మురిపెంగా. "పడుకోనివ్వను, ఎప్పుడూ నిలబెట్టే ఉంచుతాను. నల్లదే గానీ, ఇంకో ఏడాది ఆగితే దాని ముందు ఏదీ నిలవదు. మా ఆవిడకి తెలిస్తే మాత్రం నా పని అయిపోయినట్టే."

తెలుగులో 'అది' అంటే వస్తువూ కావచ్చు, ఆడమనిషీ కావచ్చు. అత్తగారు రెండోదే తీసుకున్నారు. అల్లుడికి వేరే సంసారం ఉందంటే అంత కంగారుపడేవారు కాదేమో. ఆ సంసారాన్ని మెట్ల కింద నిలబెట్టి ఉంచాడనేసరికి ఆవిడ వెళ్లి వీధి గుమ్మంలో కాపు కాశారు.

బజారు నుంచి వచ్చిన కూతుర్ని గుమ్మంలోనే ఆపి చెవిలో వేశారు. ఆమె మొదట కొట్టిపారేసింది. తర్వాత, తాళం బాగుచేయిద్దామంటే మొగుడు మాట మార్చిన సందర్భాలన్నీ గుర్తొచ్చి, కూరల సంచీ అక్కడే వదిలేసి వడ్రంగి పని చేసే తమ్ముడికి ఫోన్ చేసింది. అతను గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చే రకం. నిజంగానే గొడ్డలి తెచ్చాడు. ఎందుకైనా మంచిదని పక్కింటి లాయరును కూడా వెంటబెట్టుకొచ్చాడు.

స్నానం చేసి వచ్చిన కళ్లజోళ్లాయనకు గది ముందు ఈ జనమూ, వాళ్ల మధ్య కళ్లు తుడుచుకుంటున్న భార్యా కనిపించారు. దొరికిపోయానని అర్థమైంది. దొరికాక బుకాయించడం ఆయనకు చేతకాదు.

"తప్పే. ఏడాది నుంచీ లోపలే ఉంది," అన్నాడు తల దించుకుని.

"ఒక్కతేనా బావా?" అన్నాడు బావమరిది పళ్లు బిగించి.

మాటల్లో తేడా పట్టించుకునే స్థితిలో లేడాయన. "మొదట ఒకటే. తర్వాత ఆశ ఆగలేదు. ఇప్పుడు రెండు డజన్లు."

అత్తగారు మెట్టు మీద కూలబడ్డారు. లాయరు గొంతు సవరించుకుని, ఇక తను వాదించడానికి ఏమీ మిగల్లేదన్నాడు. భార్య గొడ్డలి అందుకుంది. ఆయన అంతకంటే వేగంగా తాళంచెవి అందించాడు.

తలుపు తెరుచుకుంది. బుద్ధిగా నిలబడ్డ సీసాల మీద వెలుగు పడింది.

"ఇవేనా?" అంది భార్య.

"ఇవే."

ఆమె గోడకు ఆనుకుని ఏడుస్తూనే నవ్వింది. మా అల్లుడు అపరంజి అని అత్తగారు ప్రకటించారు. అలాంటి మనిషిని అనుమానించినందుకు ప్రాయశ్చిత్తంగా భార్యే స్వయంగా మొదటి మూత తీసింది. బావమరిది పశ్చాత్తాపం కొద్దీ తాగాడు, లాయరు ఫీజు కింద తాగాడు, అత్తగారు కాళ్లలో నీరసానికని కొంచెం పుచ్చుకున్నారు. ఇంకో ఏడాది ఆగాలని ఆయన గొణిగితే, ఇప్పుడే ఇంత బాగుంటే ఏడాది దేనికని ఆవిడ మళ్లీ గ్లాసు చాపారు.

సాయంత్రానికల్లా ఆయన శీలం నిస్సందేహంగా రుజువైంది. సాక్ష్యం మాత్రం ఒక్క చుక్కా మిగల్లేదు.