మైకు మీద అత్తగారు

ఆ ఆదివారం ఉదయానికి ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారి హార్మోనియాన్ని, అదీ కాళ్ళతో తొక్కి వాయించే పెద్ద రకాన్ని, కారు డిక్కీలో పెట్టుకుని, ఊరికి అటు చివరనున్న మరమ్మతు కొట్టులో ఇచ్చి, భోజనాల వేళకు తిరిగి వచ్చెయ్యాలి. ఇంత చిన్న పథకం చెడగొట్టడం మామూలు మనుషుల వల్ల కాదు. దానికి కొంత సాంకేతిక పరిజ్ఞానం ఉండాలి. ఆ ఇంటి అల్లుడికి అది పుష్కలంగా ఉంది.

అల్లుడికి కళ్ళజోళ్ళ కొట్టు ఉంది. తీరిక వేళల్లో అతను హామ్ రేడియో మనిషి. అంటే లైసెన్సు పుచ్చుకుని మరీ, ముక్కూ మొహం కనిపించనివాళ్ళతో గాల్లో కబుర్లు చెప్పే రకం. ఇందుకోసం కార్లో బిగించుకునే రెండు బ్యాండ్ల రేడియో ఒకటి కొన్నాడు. ఒకేసారి రెండు బ్యాండ్లూ వినవచ్చునన్నది దాని గొప్ప. ఆ ఊళ్ళో ఒక బ్యాండు మీద ఎవరూ మాట్లాడరు. రెండో బ్యాండు మీద రేడియో సంఘం అధ్యక్షుడు ఎవరినీ మాట్లాడనివ్వడు. ఈ రెండింటినీ ఒకేసారి వింటూ అతను పొందే ఆనందం ఇంట్లోవాళ్ళకు అంతుపట్టేది కాదు.

భార్య హైస్కూల్లో లెక్కల టీచరు. ఒకసారి ఆమెను తీసుకురావడానికి అతను రైల్వే స్టేషనుకు వెళ్ళాడు. కారు ఆపుకుని, యాంటెన్నా ఎంత పొడవుండాలన్న విషయం మీద ఎవరితోనో రేడియోలో వాదించాడు. వాదనలో నెగ్గిన సంతోషంలో ఒక్కడే ఇంటికి వచ్చేశాడు. ఆమె ఆటో దిగి, సామాను గుమ్మంలో పెట్టి, "ఈ ఇంట్లో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి" అంది. పుట్టింటికి పోతానని బెదిరించే వీలు ఆమెకు లేదు. పుట్టిల్లు ముందు గదిలోనే ఉంటోంది. అందుకని, "మాటవరసకి నేను అన్నాను గాని, పోవాల్సింది మీరే" అని సవరించింది. మర్నాడు అతను రేడియోను ఎవరో లారీ డ్రైవరుకు ఇచ్చేశానని చెప్పాడు.

నిజానికి రేడియో ఎక్కడికీ పోలేదు, సర్దుకుంది. పెట్టె డ్రైవరు సీటు కిందికి జరిగింది. దాని ముందు పలక ఊడి వస్తుంది కాబట్టి, పొడవాటి వైరుతో సహా డ్యాష్‌బోర్డు అరలోకి చేరింది. మైకు పక్క సీటు కవరు కిందికి దూరింది. పైకప్పు మీది యాంటెన్నా పాటల కోసమని చెప్పి ఉంచేశాడు. ఇక రోజూ పొద్దున్నే "కారు తుడిచొస్తా" అంటూ కిందికి వెళ్ళేవాడు. ఇన్నేళ్ళకు మొగుడికి శుభ్రత అబ్బిందని భార్య సంతోషించింది. లెక్కల టీచర్లు కూడా అప్పుడప్పుడు ఇలా పొరపడుతుంటారు.

ఆ ఆదివారం కూడా అతను తుడుస్తూనే ఉన్నాడు. అంటే మైకు పట్టుకుని నలుగురికీ శుభోదయం చెబుతున్నాడు. తల్లీ కూతుళ్ళు అనుకున్నదానికంటే ముందే దిగి వచ్చారు. అతను గబుక్కున శబ్దం సున్నాకు తిప్పి, పలక మీది మీట ఒక్క నొక్కు నొక్కి, పలకను అరలోకి తోసి మూత వేశాడు, మైకును పక్క సీటు కవరు కిందికి నెట్టాడు. ఆ రేడియో ఒక్క నొక్కుకు ఆరదు. మీటను కాసేపు నొక్కి పట్టి ఉంచాలి. ఈ సంగతి దాంతోపాటు వచ్చిన పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. కానీ కొన్న వస్తువు గురించి పుస్తకం చదివి తెలుసుకోవడం అతనికి నామోషీ.

హార్మోనియం కాళ్ళు మడిచి, తాడు చుట్టి, డిక్కీలోకి ఎక్కించారు. మోకాళ్ళు సరిగా ముడుచుకోవు కనుక అత్తగారు ముందు సీట్లో కూర్చున్నారు. ఆవిడ ఒకప్పుడు సంగీతం టీచరు. ఇప్పుడు పాఠాలు మానేసి, ఇంట్లోవాళ్ళకు మాత్రమే చెబుతున్నారు.

"ఈ సీట్లో ఏదో గుచ్చుకుంటోంది అల్లుడూ."

"స్ప్రింగు లేచినట్టుందత్తయ్యా. బరువంతా ఆనించి, కదలకుండా కూర్చోండి. అదే సర్దుకుంటుంది."

అత్తగారు పెద్దమనిషి. చెప్పిన మాట విన్నారు. బరువంతా ఆనించారు. కింద మైకులో మాటను గాల్లోకి పంపే మీట లోపలికి దిగిపోయింది.

ఊరి నీళ్ళ ట్యాంకు మీద సంఘంవారి రిపీటరు ఉంది. ఏ రేడియో నుంచి మాట వచ్చినా అందుకుని ఊరంతటికీ వినిపించడం దాని పని. ఎవరైనా మీట నొక్కి మరిచిపోతే, కాసేపటికి దానంతట అదే నోరు మూసుకునే ఏర్పాటు కూడా ఒకప్పుడు దానికి ఉండేది. అధ్యక్షుడి ప్రసంగాలు మధ్యలో తెగిపోతున్నాయని అధ్యక్షుడే ఆ ఏర్పాటు తీయించాడు. కనుక కారు సందు మలుపు తిరిగేసరికి సంఘం సభ్యులందరి ఇళ్ళలోనూ అత్తగారి దగ్గు స్పష్టంగా వినిపించింది.

వెనక సీట్లోంచి భార్య కబుర్లు మొదలుపెట్టింది. "ఆ పీడ వదిలాక మీరు మనిషయ్యారు. నిజం చెప్పండి, ఎప్పుడైనా దానిమీదికి మనసు పోతుందా?"

అబద్ధానికి పునాది గట్టిగా ఉండాలని అతనికి తెలుసు. "నాకా? వాళ్ళ గొంతు తలుచుకుంటేనే తలనొప్పి. ఆ అధ్యక్షుడున్నాడు చూడు, పొద్దున లేస్తే తన బ్యాటరీలో ఎన్ని వోల్టులున్నాయో చెబుతాడు. దాన్ని అందరూ పురాణం విన్నట్టు వినాలి. మధ్యలో ఎవడైనా గుండాగి పోయినా ఆయనకు పట్టదు."

"మరి ఆ పళ్ళ డాక్టరు మంచివాడనేవారుగా?"

"ఆయనా? పొద్దస్తమానం జనం నోట్లో పనిముట్లు పెట్టి కబుర్లు చెప్పే అలవాటు. ఎదుటివాడు జవాబివ్వకపోయినా ఇచ్చినట్టే సాగిపోతాడు."

"అలా అనకు నాయనా, పాపం," అన్నారు అత్తగారు. "ఆ బ్యాటరీ పెద్దాయనకు ఇంట్లో వినేవాళ్ళెవరూ లేరేమో. ఉంటే మనిషన్నవాడు గాలితో ఎందుకు మాట్లాడతాడు?"

ఊరికి మధ్యనున్న తన ఇంట్లో అధ్యక్షుడు ఈ మాటలన్నీ నిలబడి వింటున్నాడు. నీటి సరఫరా శాఖలో ఇంజనీరుగా రిటైరైన మనిషి. భార్య పోయి చాలా కాలమైంది. బ్యాటరీ మాటకు ఎర్రబడ్డ మొహం ఈ చివరి మాటకు పాలిపోయింది. మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. ఆ గొంతు ఎవరిదో గాని చాలా దయగల గొంతు అనుకున్నాడు.

అంతలో కారు స్పీడ్‌బ్రేకరు ఎక్కి దిగింది. డిక్కీలో హార్మోనియం దీర్ఘంగా మూలిగింది.

"అమ్మా, అది మూలుగుతోంది," అంది కూతురు.

"మూలగదూ మరి. కాళ్ళు రెండూ వెనక్కి విరిచి కుక్కారు."

"విరవకపోతే డిక్కీలో పట్టలేదత్తయ్యా. తాడుతో కూడా కట్టేశాను, ఇక కదల్లేదు."

"మనింటికి వచ్చిన కొత్తలో ఎంత గొంతు దానికి. ఇప్పుడు ఊపిరి తీసుకోవడమేగాని వదలడం లేదు."

"ఆ మూలుగు వినలేకపోతున్నానమ్మా."

"నోట్లో ఓ గుడ్డ కుక్కాల్సింది. నాకు ముందే తోచింది కాదు."

మన భాషలో 'అది' అంటే వస్తువు కావచ్చు, గిట్టని ఆడమనిషి కావచ్చు. రేడియోలో వినేవాళ్ళకు డిక్కీ కనిపించదు. దయగల గొంతు ఇంత మాట అనేసరికి అధ్యక్షుడు కుర్చీలోంచి లేచాడు.

ఆపద కాలంలో ఊరిని ఆదుకోవడమే ఆ సంఘం ఆశయం. ఏటా కసరత్తులు చేస్తారు. ఆపదే ఇంతవరకు రాలేదు. ఇప్పుడు వచ్చింది. పైగా ఆపద తెచ్చినవాడు బ్యాటరీ గురించి కూడా మాట్లాడాడు. కర్తవ్యమూ కసీ ఇంత చక్కగా కలిసిరావడం అధ్యక్షుడి జీవితంలో అదే మొదలు. వెంటనే సభ్యులను పిలవబోయాడు. పిలిచే వీలు లేదు. ఉన్న ఒక్క దారినీ అత్తగారు ఆక్రమించి కూర్చున్నారు. విపత్తులో ఫోన్లు పనిచేయవు, రేడియోనే దిక్కు అని ఊరంతా గోడలమీద రాయించిన సంఘం, ఆ ఉదయం రేడియో పనిచేయక ఫోన్లు పట్టుకుంది.

పళ్ళ డాక్టరు దువ్వెనలాంటి అల్యూమినియం యాంటెన్నా ఒకటి పట్టుకుని అధ్యక్షుడి కారెక్కాడు. మాట ఏ దిక్కు నుంచి వస్తోందో అది పట్టిస్తుంది. కిటికీలోంచి బయటికి చాచి ఎటు తిప్పినా అది నీళ్ళ ట్యాంకునే చూపించింది. దుండగులు ట్యాంకు ఎక్కారని పోలీసులకు కబురు వెళ్ళింది. పోలీసులకు మెట్లెక్కడం ఇష్టం లేక అగ్నిమాపక దళాన్ని పిలిచారు. దళంవారు నిచ్చెన వేసి పైకెక్కి, అక్కడ రిపీటరు తప్ప మరెవరూ లేరని కిందికి చెప్పారు. తాము ఇంతసేపూ తమ రిపీటరునే వేటాడుతున్నామని అధ్యక్షుడికి అప్పుడు తట్టింది. అలా జరగడం సహజమేనని ఇన్‌స్పెక్టరుకు వివరించబోయాడు. ఇన్‌స్పెక్టరు మొహం చూసి మానుకున్నాడు.

అసలు యాంటెన్నాతో పనే లేదు. అత్తగారు దారి చెబుతూనే ఉన్నారు.

"పూలకొట్టు దాటాక కుడిచేతి సందు అల్లుడూ. నీలం తలుపుల కొట్టు. అక్కడ దింపేసి మన దారిన మనం పోదాం."

"ఇవాళే చూస్తాడా అత్తయ్యా?"

"చూడ్డమేంటి, వెళ్ళగానే పొట్ట విప్పి లోపలున్నవన్నీ బయటికి తీస్తానన్నాడు. పనికిరానివి పారేస్తాడట."

పళ్ళ డాక్టరు చేతిలోని యాంటెన్నా జారి రోడ్డుమీద పడింది. దాన్ని తీసుకునే ఓపిక ఎవరికీ లేదు.

నీలం తలుపుల ముందు కారు ఆగేసరికి పోలీసు జీపు ముందునుంచి, అగ్నిమాపక శకటం వెనకనుంచి వచ్చాయి, వాటి వెంటే అధ్యక్షుడూ సంఘం సభ్యులూ. అల్లుడు చేతులు పైకెత్తి దిగాడు. భార్య చేతులు నడుముకు పెట్టుకుని దిగింది. అత్తగారు మోకాళ్ళ మూలంగా ఉన్నచోటే ఉన్నారు.

"డిక్కీ తియ్యి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

తీశాడు. కానిస్టేబులు తాడు విప్పి, ధైర్యం చేసి చెయ్యి వేశాడు. హార్మోనియం మూలిగింది. కానిస్టేబులు వెనక్కి గెంతి ఇన్‌స్పెక్టరు కాలు తొక్కాడు.

"ఇదేంటి?"

"హార్మోనియమండీ. తిత్తి చిరిగింది."

"ఆవిడేది?"

"ఏవిడండీ?"

ఇన్‌స్పెక్టరు అధ్యక్షుడి వైపు తిరిగాడు. ఆ క్షణంలో అల్లుడు బతికిపోయినట్టే. ఏదో పిచ్చి సంఘం, ఏదో పొరపాటు, క్షమాపణలు, హార్మోనియం, భోజనం. అతను జేబురుమాలు తీసి నుదురు కూడా తుడుచుకున్నాడు. కానీ భార్య ఊరుకోలేదు. నిరపరాధి కుటుంబానికి జరిగిన అవమానానికి నిలదియ్యడం తన ధర్మం అనుకుంది.

"మా డిక్కీలో మనిషుందని మీకు ఎవరు చెప్పారండీ?"

"మీరే చెప్పారమ్మా," అన్నాడు అధ్యక్షుడు. "బయల్దేరినప్పటినుంచి ఊరంతా వింటోంది."

"మా కార్లో మేం అనుకున్న మాటలు ఊరంతా ఎలా వింటుంది?"

సభ్యులు కారు దగ్గరికి జరిగేసరికి వాళ్ళ నడుములకున్న చేతి రేడియోలన్నీ ఒక్కసారిగా కీచుమన్నాయి. "అబ్బ, ఏంటా గోల," అన్నారు కార్లోంచి అత్తగారు. "ఏంటా గోల," అన్నాయి రేడియోలన్నీ అత్తగారి గొంతుతోనే. ఆవిడ ఉలిక్కిపడి డోరు పట్టుకుని లేచారు. రేడియోలు ఆగిపోయాయి. మళ్ళీ కూర్చున్నారు. మళ్ళీ కీచుమన్నాయి.

"అమ్మగారూ, ఇంకోసారి లేవండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు, కేసు చేతికి చిక్కుతున్న ఉత్సాహంతో.

భార్య సీటు కవరు ఎత్తి మైకు బయటికి లాగింది. దాని తీగ పట్టుకుని వెళితే డ్రైవరు సీటు కింద పెట్టె దొరికింది. దాని నుంచి మరో వైరు డ్యాష్‌బోర్డు అరలోకి పోయింది. ఆమె అన్నీ వరసగా చూసి, మొగుడి వైపు చూసింది.

"మీ లారీ డ్రైవరు చాలా చిన్న మనిషండీ. సీటు కిందే పట్టాడు."

అల్లుడు మళ్ళీ జేబురుమాలు తీశాడు.

"ఏం కేసు రాసుకోమంటారమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"హార్మోనియం దింపేశాక డిక్కీ ఖాళీయే కదండీ. మీరు అనుకున్నది అబద్ధం కాకుండా, ఈయన్ని అందులో పెట్టుకుని పోతాను."

ఇన్‌స్పెక్టరు సంసారి. జీపెక్కి వెళ్ళిపోయాడు.

అధ్యక్షుడు అల్లుణ్ణి కన్నెత్తి చూడలేదు. కారు డోరు దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "గాలితో ఎందుకు మాట్లాడతాడు అన్నది మీరేనాండీ?"

"విన్నారా? తప్పుగా అనుకోకండి బాబూ, ఏదో నోరు జారింది."

"తప్పేం లేదండి. ఇన్నాళ్ళూ నా మాట అందిందని చెప్పినవాళ్ళే గాని, ఎందుకు మాట్లాడుతున్నానని అడిగినవాళ్ళు లేరు."

ఆయన బాధ అత్తగారికి తాకింది. కానీ పాఠాలు మానేశాక ఆవిడ మాట ముందు గది గడప దాటింది లేదు.

"అయితే ఊళ్ళో అందరికీ వినిపించిందంటారా?"

"పొల్లు పోకుండానండి."

"గొంతు బాగా వచ్చిందా?"

"మా సంఘంలో అంత స్పష్టమైన గొంతు ఇంకోటి లేదండి."

అత్తగారు చీర చెంగు సర్దుకుని, ఆ లైసెన్సు పరీక్షకు ఏం చదవాలని అడిగారు.

చదివారు, రాశారు, పాసయ్యారు. రేడియోతోపాటు వచ్చిన పుస్తకం కూడా మొదటి పేజీ నుంచి చదివారు. సంఘం పెద్దలను అవమానించినందుకు అల్లుణ్ణి సభ్యత్వం నుంచి తీసేశారు. తీర్మానం చదివినది పళ్ళ డాక్టరు. మధ్యలో అల్లుడు ఏదో చెప్పబోయినా, చెప్పేసినట్టే సాగిపోయాడు. అదన్నా ఉండాలి నేనన్నా ఉండాలి అన్న భార్య, రేడియో ఇప్పుడు అమ్మది కాబట్టి ఆ సూత్రం వర్తించదని లెక్క తేల్చింది. రేడియో కార్లోనే బిగించి ఉంది గనుక అత్తగారు రోజూ పొద్దున్నే వచ్చి కార్లోనే కూర్చుంటారు. అధ్యక్షుడు ఒక మాట చెప్పి ఆగుతాడు. ఆవిడ జవాబు మొదలుపెడతారు. ఆయన ఎంత బాగా వింటాడో ఇప్పుడు ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడని ఆ మొదటి బ్యాండు మీద ఆవిడ సంగీత పాఠాలు కూడా మొదలుపెట్టారు.

కారు ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలియదు కనుక, అల్లుడు కొట్టుకు బస్సులో వెళుతున్నాడు. పక్కవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడదామని చూస్తాడు గాని, అందరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లే ఉంటున్నాయి.