ఐదో అంతస్తులో లేని కిటికీ

ఆ గురువారం ఉదయం ఎర్సీలియా కాంపొదోనికో చేయవలసిన పనులు: వంటింటి కిటికీ తెరవడం. ఆ వెలుతురులో పెళ్ళిగౌను చేతులకు లేసు కుట్టడం. వీపున నలభై రెండు గుండీలు వేయడం. నీళ్ళు లేక వాడిపోయిన పుదీనా కుండీని బతికించడం. అదే అంతస్తులో అటు చివరింట్లో ఉండే బాచిచ్చాతో రేడియో శబ్దం గురించి తగాదా పడడం.

మొదటి పని దగ్గరే అంతా ఆగిపోయింది. కిటికీ తెరుచుకోలేదు.

ఎర్సీలియా ముప్ఫై ఏళ్ళుగా జెనోవా పాత రేవు వెనక సందులో, ఐదో అంతస్తులో, పెళ్ళిగౌనులు కుడుతోంది. మూడు రోజులు చియావరిలో చెల్లెలి ఇంట్లో ఉండి ముందురోజు పొద్దుపోయాక వచ్చేసరికి, భవనం ముందుగోడకు కట్టిన పరంజా విప్పేశారు. గోడకు కొత్త రంగులు వేశారని సంతోషించింది కూడా. ఇప్పుడు కిటికీ తలుపును భుజంతో తోసింది. తర్వాత తిట్టింది. రెండింటికీ అది కదల్లేదు. దీపం కింద తెల్ల దారం, మీగడ రంగు దారం ఒక్కలాగే కనిపిస్తున్నాయి. పెళ్ళికూతురు మర్నాడు మధ్యాహ్నం వస్తుంది.

ఐదంతస్తులూ దిగి, సందులో నిలబడి తల ఎత్తింది. ఆమె కిటికీ ఉండవలసిన చోట ఓ కిటికీ బొమ్మ ఉంది. ఓరగా తెరిచిన ఆకుపచ్చ తలుపులు, గాలికి ఊగుతున్నట్టున్న తెర, గట్టు మీద నిద్రపోతున్న పిల్లి. అన్నీ రంగులే.

అది పాత భవనాలు జనానికి చూపించే వారం. ఆమె పక్కన పాతికమంది యాత్రికులు మెడలు వెనక్కి వంచి నిలబడ్డారు.

"వీటిలో ఏవి నిజం కిటికీలో, ఏవి గీసినవో చెప్పండి చూద్దాం," అంటోంది వాళ్ళను తిప్పుతున్న అమ్మాయి. "పైన పిల్లి ఉన్నది చూడండి. ఎంత సహజంగా ఉందో!"

"సహజమా? అది నా వంటిల్లు!" అని అరిచింది ఎర్సీలియా.

యాత్రికులు చప్పట్లు కొట్టారు. ఆ వారం నగరపాలక సంస్థ సందుల్లో నటులను పెట్టి పాతకాలపు తగాదాలు ఆడిస్తోంది.

గుమ్మం దగ్గర నుచ్చో అనే పెయింటరు అంచులు దిద్దుతున్నాడు. ఎర్సీలియా అతని చొక్కా పట్టుకుంది.

"ఒరేయ్, కిటికీకి, గోడకు తేడా తెలియదురా నీకు?"

"తెలుసమ్మా. కిటికీకి అడ్డంగా చెక్క పలక బిగించేటప్పుడే చెప్పాను, లోపల ఇల్లుందండీ అని. కాగితంలో గోడ అని ఉందన్నారు. నేను కాగితానికి రంగేశాను."

"పిల్లి కూడా కాగితంలో ఉందా?"

"లేదమ్మా. అది నా సొంతం."

నగరపాలక సంస్థ ఆఫీసులో, ముందుగోడల విభాగం అధికారి తసిస్త్రో ఆమె ముందు బల్ల మీద పాత పటం పరిచాడు. ఇస్త్రీ చెడకుండా కూర్చునే మనిషి.

"చూడండి సిన్యోరా. నిజం కిటికీలు ఎడమ నాలుగు, కుడి నాలుగు. ఎడమ పైది బొమ్మ, కుడి పైది బొమ్మ. కట్టినప్పుడే అలా అనుకున్నారు. ముందుగోడకు సమతూకమే ప్రాణం."

"యుద్ధంలో బాంబు పడి అక్కడ గోడ ఎగిరిపోయింది. మా తాత ఆ కన్నానికి చట్రం బిగించాడు. ఎనభై ఏళ్ళుగా అది కిటికీ!"

"అనుమతి తీసుకున్నాడా?"

"ఎవరి దగ్గర? బాంబు వేసినవాడి దగ్గరా?"

తసిస్త్రో కళ్ళజోడు సర్దుకున్నాడు. "మీరు చెప్పింది నిజమైతే, అది అక్రమ కిటికీ. అక్రమమైతే మూసేయాలి. ఇప్పటికే మూసేశాం. ఇంకేం కావాలి మీకు?"

"వెలుతురు."

"దానికి కరెంటు వాళ్ళున్నారు."

ఎర్సీలియాకు ఒళ్ళు మండిపోయింది. రేవులో తుప్పు పట్టిన క్రేన్లున్నంత కాలం ఈ సందులోకి ఒక్క అధికారి రాలేదు. చినుకు పడితే నాలుగో అంతస్తు దాకా కారేది, ఎవడూ అడగలేదు. ఇప్పుడు ఓడల మీద జనం దిగుతున్నారు, గోడలకు గులాబి రంగు వచ్చింది. గోడల వెనక మనుషులున్న సంగతి మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

"మీ పటంలో నేనున్నానా?" అని అడిగింది.

తసిస్త్రో నిజంగానే వంగి వెతికాడు. "లేరు," అన్నాడు.

ఆమె మెట్లెక్కి వచ్చేసరికి బాచిచ్చా తలుపు దగ్గరే కాచుకుని ఉన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు రేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఫొకాచ్చా రొట్టెను పాలకాఫీలో ముంచుకు తింటూ అంతా విన్నాడు. వింటున్న కొద్దీ అతని మెడ ఎర్రబడింది.

"గోడ అన్నాడా? అయితే గోడే. నీ ఇంటి గోడను లోపల్నుంచి నువ్వు కొట్టుకుంటే వాడికేం?" లోపలికి వెళ్ళి బారెడు సుత్తి తెచ్చాడు. "కొట్టు. నా పేరు చెప్పి కొట్టు."

"నీ పేరెందుకు? నా కోపం నాకు చాలు."

మొదటి దెబ్బకు సున్నం రాలింది. రెండో దెబ్బకు మేకులు మూలిగాయి. మూడో దెబ్బకు పలక నిలువునా చీలి, పిల్లి తల ఒకవైపు, తోక ఒకవైపు, రెండు రెక్కలుగా బయటికి తెరుచుకుంది. భళ్ళున వెలుతురు వచ్చి పడింది. సున్నపు దుమ్ములో, చేతిలో సుత్తితో, ఎర్సీలియా కిటికీలో నిలబడింది.

కింద ఈసారి యాత్రికులే కాదు, రోము నుంచి ముందుగోడలకు బహుమతి ఇవ్వడానికి వచ్చిన సంఘం కూడా ఉంది. వాళ్ళకు పటం చూపిస్తున్నవాడు తసిస్త్రో. సందంతా చప్పట్లతో మోగిపోయింది.

"ఆపండి!" అని కేక పెట్టింది ఎర్సీలియా. "నాటకం కాదిది! నాకు నలభై రెండు గుండీలు కుట్టే పనుంది!"

చప్పట్లు ఇంకా పెరిగాయి. సంఘం పెద్దావిడ ఒక్కతే చప్పట్లు కొట్టకుండా, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు పైకి చూసింది. "పొద్దుటి నుంచి పదకొండు భవనాలు చూశాం. ఇప్పటిదాకా ఒక్క మనిషి కనిపించలేదు. ఇక్కడ ఒకరున్నారు."

"అదేనండీ మా ఉద్దేశం," అన్నాడు తసిస్త్రో, పటం చుట్టేస్తూ.

గౌను శుక్రవారానికి పూర్తయింది. సోమవారం భవనానికి బహుమతి వచ్చింది. దానితోపాటు ఎర్సీలియాకు ఉత్తర్వు: ఎడమ పై కిటికీ నిజమైనదిగా నమోదు చేయడమైనది. ఆమె దాన్ని రెండుసార్లు చదివి గోడకు అతికించింది. రెండో పేజీ చదవలేదు. అందులో, ముందుగోడ సమతూకం దృష్ట్యా, కుడి పైది కూడా నిజం చేయవలెనని ఉంది.

మంగళవారం ఎనిమిది గంటలకు పనివాళ్ళు బయటి నుంచి ఆ గోడ పగలగొట్టారు. దాని వెనక బాచిచ్చా స్నానాలగది ఉంది. అందులో బాచిచ్చా ఉన్నాడు.

తువ్వాలు చుట్టుకుని వచ్చి ఎర్సీలియా తలుపు బాదాడు. "నీకు సుత్తి ఇచ్చినవాణ్ణి నేను! ఓడ మీది జనమంతా నన్ను ఫొటో తీశారు!"

ఎర్సీలియా నోట్లోంచి గుండుసూదులు తీసింది. "వెలుతురు బాగా వస్తోందా?"

"మరీ బాగా వస్తోంది!"

మీరెప్పుడైనా మా సందుకు వస్తే, ఎడమ కిటికీలో కుట్టుకుంటున్న ఎర్సీలియాను ఎలాగూ చూస్తారు. కుడి కిటికీ వెనక బాచిచ్చాను కూడా దయచేసి గుర్తు పెట్టుకోండి. ఎనిమిదింటికి మాత్రం తల ఎత్తకండి.