చూద్దాంగారి పసుపు గొడుగు

ఆ ఆదివారం పొద్దున చూద్దాంగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. బాగుచేయడానికిచ్చిన గొడుగు తెచ్చుకోవడం, ఇంట్లో కారుతున్న కొళాయికి వాషరు కొనడం, భార్యను వెంటబెట్టుకుని సరస్సులో పదకొండు గంటల పడవ ఎక్కడం. ఇంత చిన్న పథకంలో పొరపాటుకి చోటెక్కడిదని మీరడగవచ్చు. చోటు దొరక్కపోతే పొరపాటు నిలబడైనా ప్రయాణం చేస్తుంది.

చూద్దాంగారన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, ఆయన సొంతంగా తెచ్చుకున్న పేరు. చుట్టూ కొండలు, నడుమ సరస్సు, ఆ పక్క జలపాతం, ఈ పక్క తీగమీద వేలాడుతూ పోయే రోప్‌వే పెట్టెలు. ఎక్కడెక్కడి వాళ్ళో సెలవులు పెట్టుకుని, సంచులు మోసుకుని వచ్చి చూసే ఊరది. ఆ ఊళ్ళోనే కాపురముంటూ భార్య "జలపాతం చూద్దామండీ" అంటే ఆయన "చూద్దాం" అనేవారు. "రోప్‌వే ఎక్కుదామండీ" అన్నా "చూద్దాం" అనేవారు. మాట ఇద్దరిదీ ఒకటే. ఆవిడ మాటలో ప్రయాణం ఉండేది, ఆయన మాటలో వాయిదా ఉండేది. ఊరందరికీ నీళ్ళు పంపే ఆఫీసులో గుమాస్తా అయివుండి, కట్టుకున్నదానికి సరస్సు నీళ్ళు చూపించమంటే మాత్రం నీళ్ళు నమిలేవారు.

పోయిన నెల ఆవిడ చెల్లెలు మొగుడితో వచ్చి, రెండు రోజుల్లో ఊరంతా చుట్టేసి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "అక్కా, సరస్సు మధ్య దీవి మీద ఆ తెల్లకొంగలు! నువ్వు రోజూ చూస్తూనే ఉంటావులే" అంది. ఆవిడ "ఆఁ, రోజూ" అని అబద్ధమాడి, ఆ రాత్రి మొగుడి ముందు కూర్చుంది.

"ఈ ఆదివారం నన్ను పడవ ఎక్కించకపోయారో, ఇక నేనూ మీలాగే మాట్లాడతా. కాఫీ అడిగితే చూద్దాం. అన్నం అడిగితే చూద్దాం. చొక్కాకి గుండీ కుట్టమంటే చూద్దాం."

చూద్దాంగారికి కళ్ళముందు కొంగలు కనబడ్డాయి, అన్నీ ఖాళీ కంచం చుట్టూ ఒంటికాలి మీద నిలబడి.

గొడుగులు బాగుచేసే తాత ఆవిడ పసుపు గొడుగు విప్పి చేతికిచ్చాడు. "కర్ర విరిగితే అతికించాను బాబూ. జిగురు ఆరేదాకా మడవకు, వంచకు. నిటారుగా పట్టుకో. లేదంటే గుడ్డ నీ నెత్తిన, కర్ర నీ చేతిలో."

వీధి నిండా జనం. విప్పిన గొడుగు ఎవరి కన్నూ పొడవకూడదని చూద్దాంగారు చెయ్యి పొడవునా పైకెత్తి నడవసాగారు. ఆ ఊళ్ళో గైడుల గుర్తు పసుపు గొడుగు. అది పైకి లేస్తే బస్సు దిగినవాళ్ళంతా దాని వెనక నడవాలి. ఈ సంగతి ఊళ్ళో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. చూద్దాంగారికి తెలియదు. చూడదగ్గ చోటికి ఆయన ఏనాడూ వెళ్ళలేదు, వెళ్ళని చోట గైడుని చూసే ప్రసక్తే లేదు.

గడియారస్తంభం దగ్గర అప్పుడే ఒక బస్సు ఆగింది. అసలు గైడు తన గొడుగును చంకలో ఇరికించుకుని, చేతి మైకుకి బ్యాటరీలు కొంటూ ఎదుటి దుకాణంలో బేరంలో మునిగి ఉన్నాడు. మెడలో టూరు బిళ్ళలతో బస్సు దిగినవాళ్ళు అటూ ఇటూ చూశారు. పసుపు గొడుగు కనబడింది. కదిలారు.

వాషర్ల దుకాణం ముందు ఆగేదాకా చూద్దాంగారికి వెనక మంద ఉన్నట్టు తెలియలేదు. వాషరు జేబులో వేసుకుని వెనుదిరిగితే దుకాణం నిండా జనం. ఒక పెద్ద టోపీ ఆవిడ గోడకు వేలాడుతున్న గొట్టాలను ఫొటో తీసుకుంటోంది.

"ఇది ఏ కాలం నాటిదండీ?" అని అడిగిందావిడ.

"మా నాన్న కాలం నాటిదమ్మా," అన్నాడు దుకాణదారు మురిసిపోతూ. తరవాత చూద్దాంగారి చెవిలో, "ఇంత బేరం తెచ్చారు, ఆ వాషరు డబ్బులు వద్దులెండి," అన్నాడు.

చూద్దాంగారు బయటపడి అడుగు పెంచారు. మంద అడుగు పెంచింది. ఆయన సందులోకి తిరిగితే మందా తిరిగింది. మెడలో బైనాక్యులర్స్ వేలాడేసుకున్న రిటైర్డు హెడ్మాస్టరొకాయన రొప్పుతూ కేకేశాడు.

"కాస్త మెల్లిగా నడవండి గైడుగారూ! మావి మోకాళ్ళు, చక్రాలు కావు!"

"నేను గైడుని కాదండీ మహాప్రభో!"

మంద గొల్లున నవ్వింది. "చమత్కారి దొరికాడు మనకి," అన్నాడు హెడ్మాస్టరు. "పోయిన ఊళ్ళో గైడు నవ్వడానికి కూడా టికెట్ అడిగేలా ఉన్నాడు."

"నిజమండీ, నమ్మండి. ఇంటి దగ్గర మా ఆవిడ ఎదురుచూస్తోంది. నన్ను పోనివ్వండి."

"వీళ్ళింటికి కూడా తీసుకెళ్తారట!" టోపీ ఆవిడ వెనక్కి తిరిగి ప్రకటించింది. "కరపత్రంలో లేదు, అదనంగా పెట్టారు!"

వెనకనుంచి చప్పట్లు వినిపించాయి. గొడుగు దించుదామా అంటే కర్ర ఊడుతుంది. ఎత్తి ఉంచుదామా అంటే పరువు ఊడేలా ఉంది. చూద్దాంగారికి ఆఫీసు గుర్తొచ్చింది. ఆవరణలోంచి అడ్డంగా పడితే ఇల్లు దగ్గర. పైగా గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు, కొత్త పురుగునైనా లోపలికి రానివ్వడు. చూద్దాంగారి జీవితంలో వెంటనే అమలుచేసిన మొదటి ఆలోచన అదే. అందుకే అది బెడిసికొట్టింది.

వాచ్‌మన్‌కి కనబడిందేమిటి? టోపీలు, కళ్ళజోళ్ళు, మెడలో బిళ్ళలు, బైనాక్యులర్స్, వాళ్ళందరికీ ముందు గొడుగెత్తి దారి చూపిస్తున్న సొంత ఆఫీసు గుమాస్తా. పై ఆఫీసు తనిఖీ కాకపోతే ఆదివారం ఇంత ఠీవి ఎవరికుంటుంది? సెల్యూట్ కొట్టి, గేటు రెండు రెక్కలూ తెరిచి, వెనకవైపు క్వార్టర్సులో ఉన్న ఇంజనీరుగారి దగ్గరికి పరిగెత్తాడు. ఇంజనీరుగారు ఒక గుండీ తప్పించి పెట్టుకున్న చొక్కాతో ఊడిపడ్డారు.

"రండి రండి! ఇవి వడపోత తొట్లండీ. అవి పంపులు. అన్నీ పనిచేస్తాయి. ఒరేయ్, అన్నీ తిప్పరా!" అని ఆపరేటరు మీద అరిచి, చూద్దాంగారిని పక్కకు లాగారు. "తనిఖీ ఉందని ఒక్క ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"అది కాదు సార్, వీళ్ళు..."

"తెలుసులేవయ్యా. చెప్పాలనుకునే ఉంటావు. తరవాత చూద్దాం అనుకునుంటావు."

ఆపరేటరు మనిషి మంచివాడు. అన్నీ అంటే అన్నీ తిప్పాడు, తాను ఉద్యోగంలో చేరాక ఎవరూ ముట్టుకోని తుప్పుపట్టిన వాల్వుతో సహా. నేల అడుగున ఏదో గుర్రుమంది. నీళ్ళు ఆఫీసు దాటి, వీధులు దాటి, గడియారస్తంభం కింద ఏళ్ళ తరబడి ఎండి ఉన్న ఫౌంటెన్‌కి చేరాయి. సరిగ్గా అప్పుడే అసలు గైడు ఎత్తుగా ఉంటుందని ఆ ఫౌంటెన్ నడుమ నిలబడి, కొత్త బ్యాటరీల మైకులో, "నా బృందం ఎక్కడున్నా రావలెను!" అని పిలుస్తున్నాడు. బృందం రాలేదు. నీళ్ళు వచ్చాయి. అడుగునుంచి వచ్చాయి. గొడుగు విప్పాడు గానీ, పైనుంచి పడే వానకు చేసిన గొడుగు కిందనుంచి లేచే వానకు ఏమాగుతుంది? తిరగబడి తొట్టి అయింది.

ఇక్కడ తొట్ల దగ్గర హెడ్మాస్టరు గడియారం చూసుకున్నాడు. "అద్భుతం గైడుగారూ! తాగే నీళ్ళ పుట్టిల్లు చూపించారు. ఇక పదకొండింటికి పడవ కదా?"

చూద్దాంగారి గుండె జారి వాషరు ఉన్న జేబులో పడింది. పదకొండింటికి పడవ! మిగతా దారి ఆయన పరిగెత్తారు. మోకాళ్ళున్నవాళ్ళూ పరిగెత్తారు.

ఇంటి గేటు దగ్గర ఆవిడ తయారై, చేతిసంచీతో నిలబడి ఉంది. వీధి మలుపులో మొదట గొడుగు, గొడుగు కింద మొగుడు, మొగుడి వెనక ఒక బస్సెడు జనం కనబడ్డారు.

"ఎవరండీ వీళ్ళంతా?"

"తెలీదే! వెనకాల పడ్డారు. నీ గొడుగే కారణం."

హెడ్మాస్టరు చేతులు జోడించాడు. "అమ్మా, మీవారు ఎవరూ చూపించనివన్నీ చూపించారు. మీరూ మాతో పడవలోకి వస్తే సంతోషిస్తాం."

ఆవిడ గొడుగు వంక చూసింది. మెడల్లో బిళ్ళల వంక చూసింది. మొగుడి మొహం వంక చూసింది. ఆ ముగ్గురు సాక్షులతో కేసు తేలిపోయింది. "వాళ్ళకి చెప్పలేకపోయారా?" అని గొంతు తగ్గించి అడిగింది.

"చెప్పాను. నవ్వారు."

"సరే, ఆలస్యమైతే పడవ వెళ్ళిపోతుంది. పదండి. సరస్సుకి ఎటు?"

చూద్దాంగారు కుడివైపు చూశారు. ఎడమవైపు చూశారు. ఆకాశం వైపు కూడా చూశారు.

"ఇలా ఇవ్వండి," అని ఆవిడ, వీధి చివర తళుక్కుమంటున్న నీళ్ళ వైపు చూస్తూ గొడుగు అందుకుంది. "ఇంత ఊళ్ళో అంత సరస్సు కనబడని మనిషిని నేను మిమ్మల్నే చూశాను. అందరూ నా వెనకే రండమ్మా, రోడ్డు దాటేటప్పుడు చూసుకుని!"

రేవు దగ్గర టికెట్ల మనిషి గొడుగు చూసి దండం పెట్టాడు. బిళ్ళలు చూసి ఒక్కొక్కరినీ ఎక్కించాడు. అందరికంటే వెనక రొప్పుతూ వచ్చిన చూద్దాంగారికి మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు.

"బిళ్ళేదీ?"

"బిళ్ళ లేదండీ. ఆ గొడుగావిడ మొగుణ్ణి."

"ఈ ఊళ్ళో పడవ కదిలే ముందు అందరూ ఎవరో ఒకరి మొగుళ్ళే. నిండిపోయింది, మధ్యాహ్నం పడవకి చూద్దాం."

ఆ మాట ఎంత నొప్పి పెడుతుందో చూద్దాంగారికి మొదటిసారి తెలిసింది. పడవ కదిలింది. పసుపు గొడుగు అటూ ఇటూ ఊగింది. పిలుపో వీడ్కోలో అర్థం కాలేదు గానీ, గొడుగు కింద ఆవిడ నవ్వు ఒడ్డుదాకా కనబడింది. ఒడ్డున బల్ల మీద ఆయన కూలబడ్డారు. కాసేపటికి పక్కన ఇంకొకడు కూలబడ్డాడు. బల్ల తడిసింది.

"నా బృందాన్ని ఎత్తుకుపోయింది మీరేనా?" అన్నాడు గైడు, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య.

"నేను ఎత్తింది గొడుగొక్కటే నాయనా. నన్ను వాళ్ళెత్తుకుపోయారు."

తిట్టడానికి గైడు నోరు తెరిచాడు. తుమ్మొచ్చింది. తిట్టు తుమ్ములో కొట్టుకుపోయింది. ఇద్దరూ సరస్సు వైపు చూస్తూ ఉండిపోయారు. కొండలు నీళ్ళలో తలకిందులుగా నిలబడి ఉన్నాయి. దీవి మీదనుంచి తెల్లకొంగల గుంపు ఒక్కసారిగా లేచి, పసుపు గొడుగు మీదుగా చుట్టు తిరిగి మళ్ళీ వాలింది.

"బావుందయ్యా!" అన్నారు చూద్దాంగారు.

"ఎప్పట్నుంచో ఇక్కడే ఉందండీ," అన్నాడు గైడు ముక్కు తుడుచుకుంటూ.

పడవ తిరిగొచ్చింది. గైడు లేచి, గొంతు సవరించుకుని, తిరగబడ్డ గొడుగు ఎత్తి నిలబడ్డాడు. "అందరికీ నమస్కారం. నేను మీ గైడుని!"

మంద గొల్లుమంది. "ఆ జోకు పొద్దున్నే అయిపోయింది నాయనా," అన్నాడు హెడ్మాస్టరు, వెళ్ళి ఆవిడ గొడుగు వెనకే నిలబడుతూ. చివరికి ఆవిడే జాలిపడి గైడుని ముందుకు లాగి, సంగతంతా చెప్పి, బృందాన్ని అతనికి అప్పగించింది. టోపీ ఆవిడ వదల్లేక వదల్లేక వదిలింది. వెళ్తూ, కొంగల మధ్య గొడుగెత్తి నిలబడ్డ చూద్దాంగారి భార్య ఫొటోను ఆవిడ ఫోన్‌కే పంపించింది. మరుక్షణంలో ఆ ఫొటో చెల్లెలికి చేరింది. చెల్లెలు వెంటనే ఫోన్ చేసింది.

"అక్కా! రోజూ అంటే ఏమో అనుకున్నా, ఏకంగా గైడువైపోయావా!"

"ఆఁ, ఏదో, ఆదివారాలు మాత్రమే," అంది ఆవిడ. ఫోన్ పెట్టేసి మొగుడి వైపు తిరిగింది. "మీరు ఎక్కకపోయినా నన్నెక్కించారు. మాట నిలబెట్టుకున్నట్టే. వచ్చే ఆదివారం జలపాతం."

ఆయన "చూ..." అనబోయారు. ఆవిడ గొడుగు ఓ జానెడు పైకెత్తింది. "చూసి తీరాలి," అని ముగించి, చూద్దాంగారు బుద్ధిగా ఆ గొడుగు వెనక ఇంటిదారి పట్టారు. ఆ రోజు కాఫీ అడగకుండానే వచ్చింది.

కొళాయి మాత్రం ఇంకా కారుతూనే ఉంది. వాషరు జేబులోనే ఉంది, దాన్ని చూడడానికి ఇంతవరకు ఏ బృందమూ రాలేదు.