జెండా నడిచిన రోజు

ఆ శనివారం పొద్దున సారలమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. గౌను తొడుక్కోవాలి, బడికి పోవాలి, వేషాల పోటీలో హిందీలో నాలుగు మాటలు చెప్పి దిగిపోవాలి. పన్నెండేళ్ళ పిల్లకు ఇదేమంత పెద్ద పని కాదు గాని, సారలమ్మ గొంతు సంగతి వేరు. హాజరు పిలిచినప్పుడు ఆమె పలికిన పలుకు ముందు బెంచీ దాటి ఎరగదు. ఏడో తరగతిలో సగం రోజులు బడిలో కూర్చునే గైర్హాజరయింది.

కిరండూల్ దగ్గర ఇనుప గని కొండ కింది బస్తీ అది. ఏ కాలమైనా అక్కడ రంగు ఒకటే. ఇనుపరాతి ధూళి పడి ఇంటి కప్పులు, మేకలు, ఆరబెట్టిన వడియాలు అన్నీ ఎర్రగానే ఉండేవి. చేతిపంపు చెడి ఎనిమిది నెలలయింది. వాగు నీళ్ళు తేరుకుంటే చూసి తాగేవాళ్ళు, తేరుకోకపోతే కళ్ళు మూసుకుని తాగేవాళ్ళు.

తల్లి భద్రమ్మ ఏటా మిరపకాయ కోతకు రాష్ట్ర సరిహద్దు దాటి పోయే మనిషి. "నోరు లేని పిల్లకు బడెందుకు మామా? ఈ ఏడు నాతోని మిరపచేలకు వస్తది. కూలీల మేస్త్రీకి చెప్పిన," అని మామ ఎర్రయ్యతో తేల్చి చెప్పింది. హెడ్‌మాస్టరు ఒక్క మెలిక పెట్టాడు. పోటీలో స్టేజీ ఎక్కి నోరు విప్పితే, తల్లి కూలికి పోయినా చదువు ఆగకుండా హాస్టలుకు పేరు రాసి పంపుతానన్నాడు. లేకపోతే మిరపచేలే.

సారలమ్మకు తెలిసిన వేషం ఒక్కటే. గని యూనియన్ కార్యదర్శి వెంకటనారాయణ ఇంటి కిటికీ బయట నిలబడి ఆమె టీవీలో చూసే జపాను బొమ్మల కథలోది. జపాను పిల్లే గాని హిందీ మాట్లాడుతుంది. పిరికిది. రాక్షసి రాగానే ముందు ఏడుస్తుంది. ఏడుస్తూనే మంత్రపు కర్ర తిప్పితే నడుముకు పెద్ద రిబ్బను పువ్వు, గౌనుకు కుచ్చులు వస్తాయి, అప్పుడు నిలబడుతుంది. ఒక వారం ఒక అడుగు ముందుకు వేస్తుంది, పై వారం రెండు. రాక్షసి చచ్చినందుకు సారలమ్మ ఆశ్చర్యపోలేదు. ఆ పిల్లకు ధైర్యం పెరిగేకొద్దీ కుచ్చులు కూడా పెరగడమే ఆమెకు వింత. బస్తీలో తెగువ చూపిన ఆడదాన్ని మగరాయుడనేవారు. ఆ మాట పడ్డాక ఆమె పువ్వులు పెట్టుకోవడం మానేసేది.

"సిపాయి వేషం వెయ్యి, మీసం నేను దిద్దుతా, ధైర్యం అదే వస్తుంది," అన్నాడు హెడ్‌మాస్టరు. సారలమ్మ తల అడ్డంగా ఊపింది. పుట్టాక ఆమె కాదన్నది అదే మొదటిసారి. తల ఊపితే చప్పుడు కాదు కనుక ఎవరూ పట్టించుకోలేదు.

భద్రమ్మ సణుగుతూనే పాత దోమతెరతో గౌను కుట్టింది. రిబ్బనుకు గుడ్డ చాలలేదు. ముందురోజు సాయంత్రం ఎర్రయ్య రెండు గజాల ఎర్రగుడ్డ తెచ్చి కోడలి ముందు పడేశాడు.

"యాడిది మామా ఇది?"

"భోపాల్‌పట్నం సంతల సేటు ఇచ్చిండు. నన్ను చూసి లేచి నిలబడి మరీ ఇచ్చిండు."

"పొద్దుగాల గంజి తాగి పోతివి, పొద్దుగూకకముందే వస్తివి. భోపాల్‌పట్నం పోయి వచ్చినవా?"

"ఇంద్రావతిల మొసలి తోడొచ్చింది. దాని మీద కూసుంటే ఎంతసేపు?"

నిజానికి ఆ గుడ్డ గని దారి పక్కన వెదురు బొంగుకు కట్టి ఉన్నది. బ్లాస్టింగ్ రోజుకు ముందే కొండకు నాలుగు దిక్కులా నాలుగు ఎర్ర జెండాలు పాతుతారు. నాలుగూ నిలిచి ఉంటేనే సైరను మోగుతుంది, సైరను మోగితేనే కొండ పేలుతుంది. ముసలాయన కంటికి మాత్రం అది మంచుకు తడిసి పాడవుతున్న మంచి గుడ్డలాగే కనిపించింది. భద్రమ్మ అందులో సగం చింపి నడుముకు పువ్వు కట్టింది. మిగిలిన సగం మంత్రపు కర్రకు చుట్టింది.

మబ్బు పట్టిన ఆ ఉదయం సారలమ్మ కర్ర పట్టుకుని రోడ్డెక్కింది. వెనకనుంచి వస్తున్న టిప్పరు కీచుమని ఆగింది. ఎర్ర జెండాను దాటిన డ్రైవరుకు ఆ గనిలో రెండో రోజు పని ఉండదు. ఆమె నడిస్తే అది మెల్లగా కదిలింది, ఆగితే ఆగింది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. పెద్ద కళ్ళ లైట్లు వేసుకుని తన వెంటపడుతున్నాయని సారలమ్మకు ఏడుపొచ్చింది. అడుగు పెంచింది. అవీ పెంచాయి. బజారు చేరేసరికి పదహారు బండ్లయ్యాయి.

కొండ దగ్గర జెండాల కాపలాదారు హడ్మా లెక్క చూసుకుని, కింద రోడ్డు వైపు చూస్తూ వైర్‌లెస్ తీశాడు.

"సాబ్, ఒక ఝండా లేదు."

"ఎటు పోయింది?" అని మేనేజరు అడిగాడు.

"బజార్ తరఫ్ సాబ్. నడిచి పోతాంది."

"తాగినావా?"

"పొద్దున్నుంచి నీళ్ళు కూడా లేవు సాబ్. ఝండా గౌను వేసుకుంది."

"పట్టుకో మరి."

"బ్లాస్టింగ్ అయ్యేదాకా ఝండాను ముట్టొద్దని మీరే రాసిచ్చినారు సాబ్."

కనుక హడ్మా పరుగున దిగి, ముట్టుకోకుండా, ఈల వేస్తూ వెంట నడిచాడు. ముందు ఎర్ర జెండా, వెనక ఈల, ఆ వెనక ఆగి ఆగి కదిలే బండ్లు. సమ్మెకు ఇంతకంటే రుజువు అక్కర్లేదని దుకాణాల షట్టర్లు దిగిపోయాయి. టీ తాగుతున్న వెంకటనారాయణ గ్లాసు వదిలేసి లేచాడు. రెండో యూనియనువాళ్ళు తనకు చెప్పకుండా సమ్మె పిలిచారనుకున్నాడు. పరుగెత్తుకొచ్చి పిల్ల వెనక రెండో స్థానం సంపాదించి, "జిందాబాద్," అని అందుకున్నాడు.

"దేనికి సారూ?" అని వెనకవాడెవడో అడిగాడు.

"ముందు జిందాబాద్ అనవయ్యా. దేనికన్నది సాయంత్రం కమిటీలో తేలుస్తాం."

అప్పటికి వెనక చేరిన మూడు వందల మంది అన్నారు. బడి దగ్గర హెడ్‌మాస్టరు ఈ జనాన్ని చూసి గేటుకు తాళం వేశాడు. "పోటీ రద్దు," అని లోపలినుంచి చెప్పి స్టేజీ వెనక్కి వెళ్ళిపోయాడు.

సారలమ్మ తాళం వైపు చూసింది. హాస్టలు ఆ తాళానికి అవతల ఉండిపోయింది. ఇంతలో జీపు వచ్చింది. మేనేజరు దిగాడు, ఇద్దరు పోలీసులూ దిగారు.

"లీడర్ ఎవరు?"

"ఈ అమ్మాయేనండి," అన్నాడు వెంకటనారాయణ వెనక్కి జరుగుతూ. మూడు వందల మందీ ఒక్క అడుగు వెనక్కి వేశారు. రోడ్డు మధ్య దోమతెర గౌనులో ముక్కు కారుతున్న పిల్ల ఒక్కతే మిగిలింది. కుచ్చుల మీద అప్పటికే ఎర్రధూళి పడింది. పారిపోవడానికి సందు లేదు. ఆమె దగ్గర ఉన్నవి బట్టీపట్టిన నాలుగు హిందీ మాటలే. ఏడుస్తూనే వాటిని చెప్పేసింది.

"నాకు భయంగా ఉంది. అయినా వచ్చాను. మావాళ్ళను ఏడిపించడం ఆపు. నువ్వు ఆపేదాకా నేను కదలను."

బండ్ల ఇంజన్లు ఆగిపోయాయి. మేనేజరు టోపీ తీసి, "డిమాండ్ ఏమిటి బేటీ?" అన్నాడు మెత్తగా.

బొమ్మల కథలో ఏ రాక్షసీ ఈ మాట అడగలేదు. ఐదో మాట ఎవరూ నేర్పలేదు. సారలమ్మ నడుము దగ్గరి రిబ్బను పువ్వును రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"పంపు," అంది. "ఎనిమిది నెలల నుంచి నీళ్ళు రావడం లేదు."

అది చిట్టచివరి టిప్పరు డ్రైవరుకూ వినిపించింది.

సోమవారానికి పంపు బాగుపడింది. నీళ్ళు వచ్చాయి, ఎర్రగానే వచ్చాయి. మంగళవారం హెడ్‌మాస్టరు హాస్టలు కాగితం తిప్పి పంపాడు: "విద్యార్థిని నోరు విప్పినది. అవసరమునకు మించి విప్పినది. హాస్టలుకు తగదు."

భద్రమ్మ ఇద్దరి బట్టలూ మూట కట్టింది. మేస్త్రీ వచ్చి గుమ్మంలోనే ఆగాడు.

"ఏంది అక్కా, బండ్లు ఆపిన పిల్ల ఈమేనా? నాకు ఒద్దు. రేపు చేను గట్టున నిలబడి నీళ్ళేవి అంటే నేనేం జెప్పాలె?"

అతను వెళ్ళాక భద్రమ్మ మూట విప్పింది. "బడోళ్ళు ఒద్దన్రి, చేనోళ్ళు ఒద్దన్రి. ఇగ నిన్నేం జెయ్యాలె?"

"తాత తాన ఉండి, ఈడి బడిలనే ఎనిమిదిల కూసుంట," అంది సారలమ్మ.

ఆ విధంగా, మరే పనికీ పనికిరాదని పెద్దలందరూ ఒప్పుకున్న మీదట, ఆ పిల్ల ఎండాకాలం సెలవులయ్యాక ఎనిమిదో తరగతిలో చేరింది.