సాక్ష్యం మింగే దొరబాబు

మీ కుక్క చేసింది చేసినట్టు తానే తినేస్తోందా? అయితే మీ అంత అదృష్టవంతులు లేరు! ఎత్తే పని లేదు, కడిగే పని లేదు, చెత్తబుట్ట దాకా నడిచే పని అంతకన్నా లేదు. జీతం అడగని పారిశుద్ధ్య సిబ్బంది ఇంట్లోనే ఉంటే ఛీ ఛీ అంటారేం?

ఈ భాగ్యాన్ని గుర్తించని అభాగ్యుడు ఒకాయన ఉన్నాడు. గోడౌన్ మేనేజరు. ముందుగా ఆయన గొంతు సంగతి చెప్పాలి. ఆయన గుమ్మంలో దగ్గితే వంటింట్లో గరిటె జారుతుంది! ఆయన గోడౌన్లో ఇన్నేళ్ళలో ఒక్క పెట్టె కూడా పగల్లేదట. పనివాళ్ళంతా ముక్తకంఠంతో అదే చెబుతారు, ఆయనా నమ్ముతారు.

ఆయన కూతురు ముచ్చటపడి తెచ్చుకున్న కుక్కపిల్ల పేరు దొరబాబు. వచ్చిన రోజే హాల్లో కార్పెట్ మీద పని కానిచ్చింది. మేనేజరుగారు ఇల్లు పీకి పందిరేశారు. మర్నాటి నుంచి చూడాలి, కార్పెట్ తళతళ! దొరబాబు మాత్రం సోఫా కింద మూతి నాక్కుంటూ కనిపించేది.

విషయం బయటపడ్డాక వైద్యం మొదలైంది. మిరియాల పొడి చల్లారు. దొరబాబు రెండు తుమ్ములు తుమ్మి, తినేసింది. ఎవరో చెప్పారని అనాసపండు ముక్కలు పెట్టారు. భోజనం తర్వాత పండు అనుకుందో ఏమో, రెండూ లాగించింది!

"నెలాఖరులోగా మానకపోతే దీన్ని ఎవరికో ఒకరికి ఇచ్చేస్తా!" అని మేనేజరుగారు తీర్పు చెప్పారు. కూతురు కిక్కురుమనలేదు. ఆ ఇంట్లో కిక్కురుమనే అలవాటే లేదు. పిల్ల దొరబాబును ఒళ్ళో పెట్టుకుని వెక్కిళ్ళు మింగింది.

చివరికి ఇంటిల్లిపాదీ కలిసి పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ కడుపు నొక్కి చూసింది, పురుగుల పరీక్ష చేసింది, తిండి సంగతి అడిగింది. అన్నీ బాగానే ఉన్నాయి.

"ఇంట్లో దీన్ని గట్టిగా కసిరేవాళ్ళు ఎవరైనా ఉన్నారాండీ?"

"మా ఇంట్లో ఎవరు కసురుతారండీ!" అని మేనేజరుగారు గర్జించారు.

దొరబాబు బల్ల కిందికి దూరింది. డాక్టరమ్మ చేతిలోంచి పెన్ను జారిపోయింది. మేనేజరుగారి భార్య కిటికీలోంచి ఎదుటి గోడను ఎంతో శ్రద్ధగా చూడసాగింది.

"అర్థమైంది లెండి. తిట్లు పడతాయని ఆనవాలు లేకుండా చేస్తోంది, పాపం! అరవకండి. చేసిన వెంటనే మీరే తీసేయండి. బయట చేసినప్పుడు మెచ్చుకోండి."

ఎంత అన్యాయం! యజమాని నోరు మూసుకుంటే క్రమశిక్షణ ఏ గంగలో కలవాలి? కానీ కూతురి మొహం చూసి మేనేజరుగారు ఒప్పుకున్నారు. ఎంతైనా కన్నతండ్రి కదా! అరుపు వచ్చినప్పుడల్లా గ్లాసుడు మంచినీళ్ళు తాగారు. ఆ నెల ఆయన తాగిన నీళ్ళతో ఓ తోట తడిసేది.

నెలాఖరు ఉదయం హాల్లోకి వచ్చి చూస్తే, కార్పెట్ నడిబొడ్డున నిలువెత్తు సాక్ష్యం! పక్కనే దొరబాబు, తోక ఊపుకుంటూ, దాచాలన్న ఆలోచనే లేకుండా కూర్చుంది. మేనేజరుగారి కళ్ళు చెమర్చాయి.

"శభాష్‌రా దొరబాబూ! ఇంకెక్కడికీ పంపన్లే నిన్ను" అని దాని తల నిమిరారు.

అప్పుడే వంటింట్లో ఏదో భళ్ళున పగిలింది. ఆయన వెళ్ళేసరికి కూతురు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది. అరలో ఆయన కాఫీ కప్పు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"ఏం పగిలింది తల్లీ?" ఆయన ఎన్నడూ లేనంత మెత్తగా అడిగారు.

"ఏం లేదు నాన్నా."

"అబ్బే, ఏం పగల్లేదండీ" అంది భార్య, కాలితో ఓ పెంకును అలమర కిందికి తోస్తూ.

చూశారా, ఎంత శుభ్రమైన సంసారమో! కప్పు లేదు, పెంకు లేదు, తప్పు అసలే లేదు. కుక్క కాబట్టి దొరబాబు ఇంత తొందరగా మానేసింది.