మూత తీయరాదు

బెజవాడ శివార్లలోని ఆ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో ప్రతి ఆదివారం టిఫిన్లయ్యాక వార్డెనమ్మ పిల్లల గుండెల్లోంచి దుఃఖాన్ని తీసి, స్టీలు క్యారియర్లలో పెట్టి, పేర్లూ హాల్‌టికెట్ నంబర్లూ అంటించి స్టోరు గదికి పంపుతుంది. నొప్పేమీ ఉండదు. చదువుకు అడ్డొచ్చేది ఒంట్లో ఎందుకని తల్లిదండ్రులు చేర్చిన రోజే సంతకాలు పెడతారు. పరీక్షలయ్యాక అడిగినవాళ్ళకు తిరిగి ఇస్తారు. ఎవరూ అడగరు, అది వేరే సంగతి.

సెకండియర్ లిఖిత వాళ్ళ నాయనమ్మ పోయినప్పుడు ఆదివారం దాకా ఆగలేదు. కబురుతోపాటే క్యారియరూ వచ్చింది. మర్నాడు టెస్టులో లిఖిత ఫస్టు. గేటుకు ఫ్లెక్సీ కట్టారు, బంధువులు పిల్ల బంగారమన్నారు. ఆ బంగారానికి మాత్రం నాయనమ్మను తలుచుకుంటే గోడను చూసినట్టుండేది. పక్క మంచం నాజియా ఎంత నవ్వించబోయినా నవ్వూ రాలేదు. ఆరోగ్య నివేదికలో 'ప్రశాంతం' అని రాశారు. అది చదివితే ఎవరికైనా ఒళ్ళు మండాలి. లిఖితకు మండింది. కోపాన్ని తీసే పనిముట్టు కాలేజీ ఇంకా కొనలేదు.

తన దుఃఖం తనకిమ్మని అర్జీ పెట్టింది. తల్లి వచ్చి సంతకం చేస్తేనే ఇస్తామని స్టోరు కీపర్ పానకాలు రూలు చూపించాడు. తల్లి సుభాషిణి వచ్చింది. ఆమె కూడా ఆ కాలేజీలో చదివినావిడే.

"ఇంకో నాలుగు నెలలు ఓపిక పట్టవే. పరీక్షలయ్యాక తీరిగ్గా ఏడుద్దువుగాని."

"మా నాయనమ్మ నాకిప్పుడు చచ్చిపోయింది. ఇప్పుడే ఏడుస్తా."

సుభాషిణి సంతకం చేసింది. లిఖిత ఆ స్టోరు గదిలోనే నేలమీద కూర్చుని క్యారియర్ మూత తీసింది. బావురుమని ఏడ్చింది. స్టడీ అవర్లో ఉన్న పిల్లలు తలలెత్తి చూశారు. గంటసేపు ఏడ్చాక, నాయనమ్మ పళ్ళసెట్టు మజ్జిగ గ్లాసులో పడేసుకున్న రోజు గుర్తొచ్చి ఏడుపులోనే నవ్వింది. పానకాలు 'నేల తడిసినది' అని నమోదు చేసుకున్నాడు.

లేవబోతూ వెనక వరసలో తుప్పు పట్టిన క్యారియర్ చూసింది లిఖిత. దానిమీద తల్లి పేరుంది.

"నీది తీసుకో అమ్మా."

"ఉండనీవే. ఇప్పుడు మూత తీస్తే రేపు పొద్దున వంటెవరు చేస్తారు?"

పానకాలు రిజిస్టరు ముందుకు జరిపాడు. ఈ ఏటి గడువు పొడిగింపుకు సుభాషిణి అలవాటు చొప్పున సంతకం పెట్టింది. కూతురి పేరున క్యారియర్ ఇకముందూ కొనసాగించాలా అని అడిగితే, కొనసాగించమని అక్కడా పెట్టింది.

లిఖిత ఆ ఖాళీ క్యారియర్ని చంకనబెట్టుకుని గేటు దాటి, రోడ్డవతలి మురుక్కాలవలో పారేసి వచ్చింది. సాయంత్రానికల్లా ఆమె నంబరు మీద కొత్తది మంజూరైంది. తల్లి సంతకం ముందే ఉంది కాబట్టి ఆలస్యం కాలేదు.